వార్తల్లో పదం: అడ్మిషన్ రౌండ్

తొలకరి పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. ముందొచ్చినా రాయిని గుర్తుపట్టే చూపు లేకపోతే చేతికేమీ దక్కదు. బిజినెస్ స్కూళ్ల ‘అడ్మిషన్ రౌండ్ల’ సంగతీ అంతే.

ఏమిటిది?
ఒకే గడువు పెట్టకుండా దరఖాస్తులను రెండు మూడు విడతలుగా తీసుకుని, ఏ విడత ఫలితాలు ఆ విడతకే ప్రకటించే పద్ధతి. 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ది ఇదే దారి. హార్వర్డ్ ఎంబీఏకు రెండు గడువులు: సెప్టెంబరు, జనవరి.

ఐసెట్‌కూ దీనికీ తేడా?
తెలుగు రాష్ట్రాల ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో అందరికీ దరఖాస్తు ఒక్కసారే. సీటు ర్యాంకును బట్టి వస్తుంది. విడతలు కౌన్సెలింగ్‌కే పరిమితం.

ఏ రౌండ్ మేలు?
తొలి రౌండ్‌లో సీట్లు, స్కాలర్‌షిప్పులు ఎక్కువగా మిగిలి ఉంటాయి. బ్యాంకు రుణానికి, వీసాకు వ్యవధి దొరుకుతుంది. చివరి రౌండ్‌కు సీట్లు పలచబడతాయి, పోటీ మాత్రం తగ్గదు. అయితే జీమ్యాట్ స్కోరు, వ్యాసాలు, సిఫారసు లేఖలు సిద్ధంగా లేకపోతే తొందరపడటం దండగ. తర్వాతి రౌండ్‌కు గట్టి దరఖాస్తుతో వెళ్లడమే నయం.

వేరుశనగ రైతు పంచాంగం ఒక్కటే చూసి విత్తడు. నేలలో పదును కూడా చూస్తాడు.