పాతిక లక్షల కార్డూ, బస్సు చార్జీ

మా ఉద్దానంలో పెళ్లికెళ్లినా, పరామర్శకెళ్లినా, నలుగురు కూర్చున్న చోట కాసేపటికి మాట కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ మీదకి వస్తుంది. "నీకెంతొచ్చింది?" అని ఒకరినొకరు అడుగుతారు. రెండు అంటే తలూపుతారు. ఆరు అంటే ఇంకేమీ అడగరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఆ రక్తపరీక్ష పేరు తడబడకుండా చెబుతుంది. కొబ్బరి, జీడి, పనస తోటలతో ఇంత పచ్చగా ఉండే నేల మీద మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయని నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, పురుగుమందుల్నీ ఎండలో చాకిరీనీ అనుమానించారు. ఫలానాదే కారణమని ఈ రోజుకీ తేలలేదు.

నేను ఇక్కడే ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. నా చేత్తో టీకాలు వేయించుకున్న పిల్లల్లో కొందరు ఇప్పుడు డయాలసిస్ మంచాల మీద కనిపిస్తుంటే చూడలేను, చూడకుండా ఇంట్లో కూర్చోనూ లేను. అందుకే వాళ్ల కాగితాలు చూసిపెడతాను. "సిస్టరమ్మా, ఈ కార్డు పన్చేస్తాదేటి?" అంటూ పొద్దున్నే గుమ్మంలోకి వస్తారు.

ఆ కార్డు ఆరోగ్యశ్రీది. ఆ ఉచిత వైద్య పథకం 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, మా శ్రీకాకుళం. అంతకుముందు గుండెకు రంధ్రమున్న పిల్లని పట్నం తీసుకెళ్లాలంటే పొలం అమ్మడమో, పిల్ల మీద ఆశ వదులుకోవడమో. ఆ రోజులు చూసినదాన్ని కాబట్టి ఈ పథకాన్ని నేనెప్పుడూ చులకన చేయను. మొదట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. 2023 డిసెంబరుకి ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి 25 లక్షలైంది, అదే నెలలో తెలంగాణలో 10 లక్షలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరూ మారింది. మా దగ్గర ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీయే.

అయితే ఈ పథకాన్ని ఆపరేషన్‌ని దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. ఆసుపత్రిలో చేరడం, చికిత్స, భోజనం, ఇంటికెళ్లేటప్పుడు పది రోజుల మందులు, తిరుగు ప్రయాణం చార్జీ, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. గుండె జబ్బుకీ, విరిగిన తుంటికీ ఇది చక్కగా సరిపోతుంది. మా జబ్బుకి డిశ్చార్జి అనేది లేదు. డయాలసిస్ వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు, బతికున్నన్నాళ్లూ. ఏడాదికి 156 రోజులు. రోగి ఒక్కడే రాలేడు, తోడు ఒకరు రావాలి. అంటే అన్ని రోజులూ ఇద్దరి కూలీ పోయినట్టే. మిషను మీద పడుకున్నందుకు పైసా కట్టక్కర్లేదు, అక్కడిదాకా రావడానికి మాత్రం డబ్బు కావాలి. పాతిక లక్షల పరిమితి దాటి ఇబ్బంది పడిన డయాలసిస్ రోగిని నేను చూడలేదు. బస్సు చార్జీకి చేతిలో డబ్బు లేక మూడోసారి మానేసి, రెండు రోజులకే కాళ్లు వాచి, ఊపిరందక ఆటోలో వచ్చినవాళ్లని చూశాను.

ఒకప్పుడు దీనికోసం విశాఖపట్నం రైలెక్కేవాళ్లు. రాత్రి బయల్దేరడం, ప్లాట్‌ఫాం మీద పడుకోవడం, మళ్లీ ఎల్లుండి అదే రైలు. కొందరు అక్కడే అద్దెకు గది తీసుకుని, తోటలు వదిలేసి ఉండిపోయారు. సోంపేట, కవిటి, పలాస ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాక ఆ బాధ తగ్గింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా మొదలైంది. నన్నడిగితే, కార్డు మీద లక్షలు పెంచడం కన్నా మిషను ఊరి దగ్గరికి తేవడమే పెద్ద మేలు.

దానితో సమానమైన మేలు పింఛను. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి 2019 నుంచి నెలకి పది వేలు ఇస్తున్నారు. బయటివాళ్లకి అది దానంలా కనిపించవచ్చు. లోపల ఉన్నవాళ్లకి అదే బస్సు, ఆటో, తోడొచ్చిన మనిషి టిఫిను, బయట కొనే మాత్రలు. ఆ డబ్బు ఒక నెల ఆలస్యమైతే డయాలసిస్ మంచాలు ఖాళీగా కనిపిస్తాయి.

ఇక కాగితాలు. మాది ఒడిశా సరిహద్దు. అటువైపు గంజాం జిల్లాలోనూ తెలుగువాళ్లున్నారు, ఇటూ అటూ సంబంధాలు చేసుకుంటారు. అలా ఒడిశా నుంచి వచ్చిన కోడలొకామె పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లేది. ఆయాసంగా ఉందని ఆసుపత్రికి వెళితే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ఆధార్ పుట్టింటి చిరునామాతో ఉంది. పేరు అక్కడి రేషన్ కార్డులో ఉంది, అత్తవారి బియ్యం కార్డులో లేదు. పేరు కూడా ఒడియా పలుకుబడిలో ఒకలా, ఇక్కడి కాగితాల్లో ఇంకోలా ఉంది. ఇక్కడ చేర్చాలంటే అక్కడ తీయించాలి, తీయించాలంటే మనిషి వెళ్లాలి, వెళ్లే ఓపిక ఆ మనిషికి లేదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరుగారు కార్డు సంగతి తర్వాత చూద్దామని డయాలసిస్ మొదలుపెట్టబట్టి బతికింది. మేం ఆధార్ చిరునామా మార్పించి, వాళ్ల అన్నయ్యని పంపి అక్కడ పేరు తీయించి, సచివాలయంలో దరఖాస్తు పెట్టాం. ఇలాంటి పని ఎవరి ఉద్యోగంలోనూ లేదు. ఆసుపత్రిలో పథకం తరఫున ఆరోగ్యమిత్ర ఉంటారు, మంచివాళ్లే, కానీ వాళ్ల బల్ల ఆసుపత్రి గుమ్మం లోపలే ఉంటుంది. చిక్కంతా గుమ్మానికి అవతల ఉంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బియ్యం కార్డు రద్దయితే వైద్యం కార్డూ పోయిందనుకుంటారు. పల్లెల్లో బియ్యం కార్డుకి ఆదాయ పరిమితి నెలకి పది వేలు. మా రాష్ట్రంలో వైద్యానికి ఏడాదికి ఐదు లక్షల దాకా ఆదాయమున్న కుటుంబాలకీ అర్హత ఉంది. అది వేరు, ఇది వేరు. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లకైతే 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల వరకు వైద్యం ఉంది. ఈ మాట చెప్పినందుకే ఒక రిటైర్డ్ టీచరుగారి భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరు అనవసరం, ఫిస్టులా ఆపరేషన్‌కి వచ్చిన మనిషి దగ్గర స్కానింగు పేరుతో డబ్బు కట్టించుకుంది. ఫిస్టులా అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి వీలుగా చేతిలో రక్తనాళాలు కలపడం. అది పథకంలో ఉంది, దానికి ముందు చేసే పరీక్షలూ అందులోవే. రసీదు ఉంది కాబట్టి, మంచం మీంచే పథకం ఫిర్యాదుల నంబరు 104కి ఫోను చేయమన్నాను. డిశ్చార్జి లోపే డబ్బు తిరిగొచ్చింది. రసీదు తీసుకోండి, అక్కడ ఉండగానే ఫిర్యాదు చేయండి. ఇల్లు చేరాక చేస్తే వినేవాళ్లు తక్కువ.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్ల సంగతి. ఆ దశకి ముందున్నవాళ్లకీ పింఛను ఉంది, కానీ క్రియాటినిన్ ఐదు దాటాలి. మామూలు మనిషికి అది ఒకటి చుట్టూ ఉంటుంది. ఒకటిన్నరకీ ఐదుకీ మధ్య మనిషి ఏళ్ల తరబడి ఉంటాడు. బీపీ, షుగరు అదుపులో పెట్టి, ఒళ్లునొప్పుల మాత్రలు మాన్పిస్తే ఆ ఏళ్లు ఇంకా పెరుగుతాయి. ఆ కాలమంతా వైద్యుల ఫీజూ, పరీక్షలూ, మందులూ చాలావరకు సొంత జేబులోంచే. దేశం మొత్తం మీద ఆరోగ్యానికయ్యే ఖర్చులో 2021-22లో 39.4 శాతం ప్రజలు అలా కట్టుకున్నదే.

క్రియాటినిన్ రెండు వచ్చిన కొబ్బరి దింపే కుర్రాడికి పరీక్ష చేస్తారు, అంకె రాసిస్తారు. పథకాల లెక్కలో అతనింకా రోగి కాడు. మర్నాడు చెట్టెక్కుతాడు, సాయంత్రం నడుం నొప్పికి దుకాణంలో మాత్ర కొంటాడు. అతనికి నెలనెలా రక్తపరీక్ష, ఏ నెలా తప్పకుండా బీపీ మాత్రలు ఊళ్లోనే ఉచితంగా ఇవ్వాలి. ఇంటికెళ్లి అడిగే మనిషి ఒకరు ఉండాలి. మా అంగన్‌వాడీ గదిలోనో, ఆరోగ్య ఉపకేంద్రంలోనో వారానికి ఒక పూట చాలు.