ఇంట కూర్చుకొను కారు

కారును కొనువారిని మనమెరుగుదుము. ఇంట కూర్చుకొనువారు కలరా యని శ్రోతలు అడుగవచ్చును. ఇంగ్లండులో కలరు. 1957లో కాలిన్ చాప్‌మన్ గారి లోటస్ సంస్థ 'సెవెన్' అను చిన్న స్పోర్ట్స్ కారును వెలువరించి, విడిభాగములుగా కూడ అమ్మజొచ్చెను. పూర్తి కారుపై కొనుగోలు పన్ను ఉండెను. విడిభాగముల పెట్టెపై లేదు. అయితే, కూర్చు విధము తెలుపు పుస్తకమును జతపరచరాదు. అందుచే లోటస్ వారు కారును విప్పు విధమును వ్రాసి యిచ్చిరట. కొన్నవారు దానిని తుదినుండి మొదటికి అనుసరించిరట!

1973లో ఆ పన్ను పోయి విలువ ఆధారిత పన్ను వచ్చెను, మినహాయింపు తొలగెను. అయినను వేడుక తొలగలేదు. ఆ యేడే నిర్మాణపు హక్కులు పొందిన కేటర్‌హామ్ సంస్థ నేటికిని విడిభాగములను అమ్ముచున్నది.

కారణమేమి? ఉక్కు గొట్టముల చట్రము, అల్యూమినియపు రేకులు, సుమారు 500 కిలోల బరువు. ఇందు కంటికి మరుగైనది స్వల్పము. బ్రేకును అమర్చినవాడే రేపు దానిని నమ్మి వేగముగా పోవలెను. కావున ప్రతి నట్టును రెండుమారులు సరిచూచుకొనును. పిమ్మట ప్రభుత్వ పరీక్షయందు నెగ్గిననే కారు వీథి కెక్కును. పన్ను తప్పించుకొనుటకు మొదలైన పని, తన చేతిపనికి తానే పూచీపడుట నేర్పు విద్యగా నిలిచినదని మేము తలంతుము.