గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? జీబీలతో పాటు ‘బస్’ ఎంతో కూడా అడగండి

నవాబుపేట: పిల్లలు బీటెక్‌లోనో, యానిమేషన్ కోర్సులోనో చేరారంటే ఇంట్లో కంప్యూటర్ మాట మొదలవుతుంది. దాని వెనకే గ్రాఫిక్స్ కార్డు మాట వస్తుంది. వికారాబాద్ జిల్లా నవాబుపేట లాంటి మండల కేంద్రంలో నాలుగు రకాల కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే అందరూ సీటీసీ అనే చోటికి, వెళ్లాలి. లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఎక్కడ కొన్నా తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘‘ఎన్ని జీబీ?’’ వచ్చే జవాబూ ఒక్కటే: ‘‘ఎనిమిది జీబీ భాయ్, బేఫికర్‌గా తీసుకోండి.’’ బేరం అక్కడికి అయిపోతుంది.

ఆ ప్రశ్న తప్పేం కాదు. కాకపోతే సగం ప్రశ్నే. కార్డు మీదున్న వీడియో మెమరీలో ఎంత సరుకు పడుతుందో జీబీ చెబుతుంది. ఆ సరుకు ఎంత తొందరగా బయటికొస్తుందో చెప్పదు. అది తెలియాలంటే ఇంకో రెండు అంకెలు కావాలి: మెమరీ బస్ వెడల్పు, మెమరీ వేగం. కార్డు వివరాల్లో 128-బిట్, 192-బిట్ అని కనబడేది మొదటిది. చాలామంది చూడకుండా దాటేసేది కూడా అదే.

దావత్‌ను తలచుకుంటే ఈ లెక్క తేలిగ్గా పట్టుబడుతుంది. వెనకాల దేగ్‌లలో బిర్యానీ ఎంత ఉందన్నది ఒక సంగతి. అక్కడి నుంచి దస్తర్‌ఖాన్ దాకా మోసే చేతులు ఎన్ని ఉన్నాయన్నది ఇంకో సంగతి. ఆ చేతులు ఎంత చురుగ్గా కదులుతున్నాయన్నది మూడోది. ఐదు వందల మందికి సరిపడా వండి, వడ్డించడానికి నలుగురినే పెడితే దేగ్‌లు నిండుగానే ఉంటాయి, కూర్చున్నవాళ్లు మాత్రం ఖాళీ ప్లేట్లు చూసుకుంటూ ఉంటారు. కార్డులో దేగ్ అంటే వీడియో మెమరీ. కూర్చున్నవాళ్లు జీపీయూ చిప్‌లో లెక్కలు చేసే వేల యూనిట్లు. మోసే చేతుల సంఖ్యే బస్ వెడల్పు.

లెక్క కూడా కష్టమైనదేం కాదు. బస్ వెడల్పును 8తో భాగించాలి. వచ్చినదాన్ని మెమరీ వేగంతో, అంటే ఒక్కో తీగ మీద సెకనుకు ఎన్ని గిగాబిట్లు పోతాయో దానితో గుణించాలి. సెకనుకు ఎన్ని గిగాబైట్లు కదులుతాయో తేలుతుంది. దీన్నే బ్యాండ్‌విడ్త్ అంటారు. 2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1060లో బస్ 192-బిట్, వేగం 8 గిగాబిట్లు. 192ను 8తో భాగిస్తే 24. దాన్ని 8తో గుణిస్తే 192 జీబీ. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650లో వేగం అంతే, బస్ మాత్రం 128-బిట్. లెక్క వేస్తే 128 జీబీయే వస్తుంది. తర్వాత అదే 1650ని 12 గిగాబిట్ల జీడీడీఆర్6 మెమరీతో తెచ్చారు. బస్ మారలేదు, బ్యాండ్‌విడ్త్ మాత్రం 192 జీబీకి ఎక్కింది. చేతులు తక్కువే అయినా చురుకుదనం పెరిగిందన్న మాట.

ఈ వెడల్పు ఎక్కడి నుంచి వస్తుంది? కార్డు మీద జీపీయూ చుట్టూ నల్లటి చిన్న చిన్న మెమరీ చిప్‌లు ఉంటాయి. మామూలు కార్డుల్లో వాడే జీడీడీఆర్ రకం చిప్ ఒక్కోదానికి 32 బిట్ల దారి ఉంటుంది. నాలుగు చిప్‌ల దారులు కలిస్తే 128-బిట్, ఆరు కలిస్తే 192, ఎనిమిది కలిస్తే 256. అందుకే ఈ అంకెలు ఎప్పుడూ 32 ఎక్కంలోనే కనబడతాయి.

ఈ ముక్క తెలిస్తే మార్కెట్లో వింతగా కనిపించే ఒక సంగతి విడిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఇచ్చారు. దానికన్నా ఖరీదైన 3060 టీఐకి 8 జీబీయే ఇచ్చారు. చిన్నదానికి ఎక్కువ, పెద్దదానికి తక్కువా? 3060లో ఆరు దారులు, ఒక్కోదాని మీద 2 జీబీ చిప్. ఆరు రెళ్లు పన్నెండు. టీఐలో ఎనిమిది దారులు, ఒక్కోదాని మీద 1 జీబీ చిప్. కాబట్టి ఎనిమిది. బ్యాండ్‌విడ్త్ చూస్తే 3060ది సెకనుకు 360 జీబీ, టీఐది 448 జీబీ. జీపీయూ చిప్‌లోనూ టీఐదే పైచేయి. జీబీ ఒక్కటే చూసి కొన్నవాళ్లు నెమ్మదైన కార్డునే పెద్దదనుకుంటారు.

ఇక అసలు మోసపోయే చోటు పేర్ల దగ్గర ఉంది. నవాబుపేట అని వికారాబాద్ జిల్లాలో ఒక మండలం ఉంది, మహబూబ్‌నగర్ జిల్లాలో ఇంకోటి ఉంది. పేరు మాత్రమే చూసి బస్సెక్కితే ఎక్కడ దిగుతారో చెప్పలేం. గ్రాఫిక్స్ కార్డుల సంగతీ అంతే.

జీటీ 1030నే తీసుకోండి. 2017లో ఇది 64-బిట్ బస్, జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. బ్యాండ్‌విడ్త్ 48 జీబీ. మరుసటి ఏడాది అదే పేరుతో, అదే 2 జీబీతో, అదే 64-బిట్ బస్‌తో ఇంకోటి వచ్చింది. దాంట్లో మెమరీ మాత్రం మామూలు కంప్యూటర్ ర్యామ్‌లో వాడే డీడీఆర్4 రకం. బ్యాండ్‌విడ్త్ 16.8 జీబీకి పడిపోయింది, అంటే మూడో వంతుకు దగ్గర. ఆటల్లో పెట్టి చూసినవాళ్లకు చాలా వాటిలో వేగం సగానికి అటూ ఇటూగా తగ్గింది. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరులో తేడా లేదు. చిన్నక్షరాల్లో జీడీడీఆర్5 అని ఉందా, డీడీఆర్4 అని ఉందా అన్నదే తేడా. తక్కువ పైసల్లో ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు ప్రాణం పోద్దామనుకునేవాళ్లు కొనే కార్డు ఇది. దెబ్బ తగిలిందీ వాళ్లకే.

ఆర్‌టీఎక్స్ 3060ని కూడా తర్వాత 8 జీబీ రకంలో తెచ్చారు. నాలుగు జీబీలు తగ్గాయి, పర్లేదులే అనుకుంటాం. తగ్గింది అదొక్కటే కాదు, బస్ 192 నుంచి 128-బిట్‌కు, బ్యాండ్‌విడ్త్ 360 నుంచి 240 జీబీకి దిగింది. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు కూడా ఇదే దారి పట్టింది. 8 జీబీ 3050లో 128-బిట్, 224 జీబీ. ఆరు జీబీ దాంట్లో 96-బిట్, 168 జీబీ. పైగా లెక్కలు చేసే కోర్‌లు 2560 నుంచి 2304కు తగ్గాయి. అలాగని ఇది పనికిరాని కార్డని కాదు. ఇది 70 వాట్లతోనే నడుస్తుంది. చిన్న పవర్ సప్లై ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్లలో విడిగా పవర్ వైరు పెట్టకుండా నడిపించొచ్చు. ఆ అవసరం ఉన్నవాళ్లకు మంచిదే. ‘3050 అంటే 3050యే కదా’ అని 8 జీబీ దాని ధరకు ఇది తీసుకుంటేనే నష్టం.

ఈ గొడవ కోర్టు దాకా కూడా వెళ్లింది. 2014లో వచ్చిన జీటీఎక్స్ 970ని 4 జీబీ, 256-బిట్ కార్డని అమ్మారు. 2015 జనవరిలో కొనుగోలుదారులు తవ్వి తీస్తే తేలిందేమంటే, నాలుగు జీబీల్లో మూడున్నర జీబీకే విశాలమైన దారి ఉంది. మిగిలిన అర జీబీ 32-బిట్ దారి మీద ఉంది. మొదటి భాగం సెకనుకు 196 జీబీ ఇస్తే, చివరి అర జీబీ 28 జీబీయే ఇస్తుంది. మెమరీ మూడున్నర దాటి వాడినప్పుడు కొన్ని ఆటలు తడబడ్డాయి. అమెరికాలో కొనుగోలుదారులు కేసు వేశారు. 2016లో ఎన్విడియా రాజీకి వచ్చి, అక్కడ కొన్నవాళ్లకు కార్డుకు 30 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. సెకండ్‌హ్యాండ్‌లో 970 ఎవరైనా చూపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2022లోనూ అలాంటిదే జరిగింది. సెప్టెంబర్‌లో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించారు. 16 జీబీది 256-బిట్, 12 జీబీది 192-బిట్. కోర్‌లు కూడా వేరు. జనం గట్టిగా తప్పుపట్టడంతో అక్టోబర్ 14న 12 జీబీదాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే 2023 జనవరిలో 4070 టీఐ పేరుతో బయటికొచ్చింది.

అసలు కంపెనీలు బస్‌ను ఎందుకు కోస్తాయి? ఖర్చు. ఒక్కో 32-బిట్ దారికి జీపీయూ చిప్ అంచున చోటు కావాలి. కొత్త తయారీ పద్ధతుల్లో మిగతా భాగాలు కుంచించుకుపోయినంతగా ఆ భాగం చిన్నదవదు. పైగా ఎక్కువ చిప్‌లు, బోర్డు మీద ఎక్కువ గీతలు, ఎక్కువ కరెంటు. దానికి వాళ్లు వెతుక్కున్న మార్గం క్యాష్ పెంచడం. దావత్ భాషలో చెప్పాలంటే దస్తర్‌ఖాన్ మీదనే పెద్ద పెద్ద డిష్‌లు పెట్టేయడం. ప్రతి గరిటెకూ దేగ్ దాకా పరుగెత్తక్కర్లేదు. ఏఎండీ దీన్ని ఇన్ఫినిటీ క్యాష్ అంటుంది. ఆర్‌ఎక్స్ 6600లో 128-బిట్ బస్ ఉన్నా 32 ఎంబీ క్యాష్ సాయం ఉంటుంది. ఎన్విడియా 3060 టీఐలో 4 ఎంబీ ఉన్న ఎల్2 క్యాష్‌ను 4060 టీఐలో 32 ఎంబీ చేసి, బస్‌ను 256 నుంచి 128-బిట్‌కు కోసింది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద కొత్తదే కాస్త ముందుంటుంది. 4కే తెర పెట్టి చూస్తే డిష్‌లు తొందరగా ఖాళీ అయి, ఆ ముందంజ కరిగిపోతుంది. కొన్ని ఆటల్లో పాతదే గెలుస్తుంది. ఇదే 4060 టీఐకి 16 జీబీ రకం కూడా ఉంది. దాంట్లోనూ బస్ 128-బిట్టే, బ్యాండ్‌విడ్త్ అదే 288 జీబీ. దేగ్‌లు రెట్టింపు చేసి, వడ్డించేవాళ్లను పెంచలేదు.

దీన్నంతా చదివి బస్ వెడల్పునే పట్టుకుని కూర్చుంటే అది ఇంకో రకం పొరపాటు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 బస్ 128-బిట్టే. కానీ దాని జీడీడీఆర్7 మెమరీ 28 గిగాబిట్ల వేగంతో నడుస్తుంది కాబట్టి సెకనుకు 448 జీబీ ఇస్తుంది. ఇది 256-బిట్ 3060 టీఐతో సరిసమానం. అలాగే జీబీలు చాలకపోతే ఎంత వెడల్పు బస్ ఉన్నా లాభం లేదు. మెమరీ నిండిపోతే మిగిలిన సరుకు మదర్‌బోర్డు స్లాట్ మీదుగా మామూలు ర్యామ్ నుంచి రావాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 పూర్తి స్లాట్ కూడా సెకనుకు 32 జీబీ లోపే ఇస్తుంది. వందల జీబీల వేగం అలవాటైన జీపీయూకు అది చుక్క చుక్కగా పడే నల్లా లాంటిది. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3050లో 4 జీబీ రకానికి 128-బిట్, 6 జీబీ రకానికి 96-బిట్. అయినా 4 జీబీలో పట్టని పని అయితే ఆరు జీబీదే నయం. ల్యాప్‌టాప్‌లో కార్డును తర్వాత మార్చుకునే వీలుండదు కాబట్టి ఇక్కడ ముందే ఆలోచించాలి.

ఇంట్లోనే ఏఐ మోడల్ నడపాలని ఉబలాటపడే కంప్యూటర్ సైన్స్ పిల్లలకైతే బ్యాండ్‌విడ్తే ప్రాణం. ఒక్కో పదం ముక్క రాయడానికి మోడల్ మొత్తాన్ని మెమరీ నుంచి ఒకసారి చదవాలి. 4 జీబీ మోడల్‌ను 288 జీబీ కార్డు మీద నడిపితే సెకనుకు ఎక్కువలో ఎక్కువ 72 ముక్కలు. 168 జీబీ కార్డు మీద 42. జీపీయూ ఎంత బలమైనదైనా ఈ గీత దాటదు.

బీకామ్ చదివే అమ్మాయికి, ట్యాలీ నేర్చుకునే అబ్బాయికి, ఆన్‌లైన్ క్లాసులకు గ్రాఫిక్స్ కార్డు అసలు అక్కర్లేదు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ సరిపోతుంది. కాకపోతే దానికి సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది. బస్ లెక్క అక్కడా వర్తిస్తుంది. ఒక డీడీఆర్4 ర్యామ్ కర్ర దారి 64-బిట్. 3200 వేగంతో సెకనుకు 25.6 జీబీ. 16 జీబీ కర్ర ఒకటి బదులు 8 జీబీవి రెండు, సరైన స్లాట్లలో పెడితే దారి 128-బిట్ అయి 51.2 జీబీ వస్తుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకే దారి మీద ర్యామ్ ఉంటే, విండోస్‌లో దాని పేరు కూడా యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే చూపిస్తుంది.

కార్డు కొనక తప్పదనుకుంటే సీటీసీకి బయల్దేరే ముందే ఆ కార్డు తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో పూర్తి మోడల్ నంబర్ కొట్టి, మెమరీ రకం, బస్ వెడల్పు, వేగం ఫోన్‌లో రాసి పెట్టుకోవాలి. దుకాణంలో ‘‘భాయ్, ఇది ఎన్ని బిట్లు? ఏ మెమరీ?’’ అని అడగాలి. జీఎస్టీ బిల్లులో ‘ఆర్‌టీఎక్స్ 3050’ అని కాకుండా జీబీతో సహా పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబర్ రాయించుకోవాలి. తేడా వస్తే మళ్లీ సికింద్రాబాద్ దాకా పోయి మాట్లాడటానికి చేతిలో ఉండేది ఆ కాగితమే.

సెకండ్‌హ్యాండ్ అయితే పైసలు చేతిలో పెట్టకముందే కార్డును కంప్యూటర్‌లో పెట్టించి, జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవమనాలి. మెమరీ టైప్, బస్ విడ్త్, బ్యాండ్‌విడ్త్ అని మూడు గడులు కనబడతాయి. రాసుకున్న అంకెలతో పోల్చుకుంటే చాలు. పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ చిప్‌లకు కొత్త పేరు ఎక్కించి 1050 టీఐ అని అమ్మే నకిలీ కార్డులు మార్కెట్లో తిరిగాయి. విండోస్ కూడా ఆ దొంగ పేరునే చూపిస్తుంది. జీపీయూ-జడ్ మాత్రం 2018 నుంచి అలాంటి కార్డు పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తోంది.