ఇంటి ప్రింటర్లో వెండి సిరా

మన ఖురియాత్‌లో పిల్లలు సైన్స్ ప్రాజెక్టుకి సర్క్యూట్ చేయాలంటే రాగి పలకని ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచాలి. ఆ మరకలు ఒకసారి సింకుకో బట్టలకో పట్టాయంటే వదలవు, అమ్మలకి చెప్పాలా! 2013లో టోక్యో విశ్వవిద్యాలయం, జార్జియా టెక్, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు కలిసి వేరే దారి చూపించారు. మామూలు బ్రదర్ ఇంక్‌జెట్ ప్రింటర్లో రంగు బదులు వెండి నానోకణాల సిరా పోశారు. కంప్యూటర్లో గీసుకున్న సర్క్యూట్ ఫొటో పేపరు మీద అచ్చయింది. పొయ్యి, ఓవెన్ ఏదీ అక్కర్లేదు. నిమిషం గడిచేసరికి గీతల్లో కరెంటు పారింది. తెల్లకాగితం మాత్రం సిరాని పీల్చేసుకుంటుంది, పనికిరాదు.

ఈ సర్క్యూట్ వంగుతుంది. అలాగని గట్టిగా మడిచారో, గీత తెగొచ్చు. టంకం వేడికి కాగితం తట్టుకోదు కాబట్టి విడిభాగాల్ని కరెంటు పారే టేపుతో అతికించారు. సిరా ఖరీదే సుమండీ. సరదా పడి హోంవర్కు ప్రింటర్లో పోయకండి. వెండి గడ్డకడితే దాని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. పాతది ఒకటి విడిగా పెట్టుకోండి.