రెండు గుండెల కారు: దాని ఆయువు ఎవరి చేతిలో ఉంది?

ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారికి యంత్రాల ఆయుర్దాయం గురించి మరొకరు చెప్పవలసిన పని లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయిలో 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటి నుండి ఆ ఊరి బ్రతుకంతా షిఫ్టులతో, షట్‌డౌన్లతో, క్యాపిటల్ రిపేర్లతో పెనవేసుకొని ఉంది. కొలిమి లోపలి ఇటుక గోడ బీటలు వారక ముందే దాని సంగతి చూడాలన్నది అక్కడ ఖలాసీకి సైతం తెలిసిన సూత్రం. అటువంటి ఊరిలో కూడా హైబ్రిడ్ కారు ప్రస్తావన రాగానే, "బ్యాటరీ పోతే లక్షలు పోసుకోవాలట గదా!" అన్న మాటే ముందు వినవస్తుంది.

ఈ భయం పూర్తిగా నిరాధారం కాదు. అట్లని పూర్తిగా నిజమూ కాదు. లెక్క వేసి చూద్దాం. సాధారణ పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, హైబ్రిడ్ 23 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాం. పెట్రోలు లీటరు వంద రూపాయలైతే, హైబ్రిడ్ వలన కిలోమీటరుకు ఆదా అయ్యేది రూపాయి తొంభై పైసలు. ఆ కారు కోసం మొదట మూడు లక్షలు అధికంగా చెల్లించి ఉంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి సుమారు 1,58,000 కిలోమీటర్లు తిరగాలి. మన దేశంలో టొయోటా, మారుతి కంపెనీలు హైబ్రిడ్ బ్యాటరీకి ఇస్తున్న వారంటీ 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, వీటిలో ఏది ముందు పూర్తయితే అది. అంటే, వారంటీ ముగిసే నాటికి గాని కారు మన బాకీ తీర్చదు. అసలైన లాభం ఆ తరువాతనే. పదవీ విరమణ సొమ్ముతో కారు కొన్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

అంతకాలం బ్యాటరీ నిలుస్తుందా? 1997లో జపానులో అమ్మకానికి వచ్చిన టొయోటా ప్రియస్ దీనికి మంచి సాక్ష్యం ఇచ్చింది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో 2,06,000 మైళ్ళు, అనగా దాదాపు 3,30,000 కిలోమీటర్లు తిరిగిన 2002 నాటి ప్రియస్‌ను పరీక్షించింది. పదేళ్ళ క్రితం తాను పరీక్షించిన కొత్త కారు గ్యాలనుకు 40.6 మైళ్ళు ఇవ్వగా, ఈ పాత కారు 40.4 మైళ్ళు ఇచ్చింది.

ఈ దీర్ఘాయువులోని రహస్యం సామాన్యమైనదే. కారులోని కంప్యూటరు బ్యాటరీని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. నడిమి స్థాయిలోనే ఆడిస్తుంది. మితాహారం వంటి ఈ ఏర్పాటు వలన అది త్వరగా ముసలిదికాదు. దానికి అసలు శత్రువు వేడి. భిలాయిలోనో, ఆ మాటకు వస్తే రామగుండంలోనో, మే నెల ఎండ ఎటువంటిదో తెలిసినవారికి ఇక్కడ మెలకువ అవసరమని వేరే చెప్పనక్కరలేదు.

అనేక హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లబరచడానికి ఒక చిన్న ఫ్యాను, కారు లోపలి గాలినే పీల్చి దాని మీదుగా పంపుతుంది. ఆ గాలి ప్రవేశించే జాలీ సాధారణంగా వెనుక సీటు క్రిందనో ప్రక్కనో ఉంటుంది. ఊరికి ప్రయాణమైనప్పుడు దుప్పట్లు, సంచులు, ఆవకాయ జాడీల బుట్ట, అన్నీ సరిగ్గా దానికి అడ్డంగానే చేరుతాయి! ఇనుప ఖనిజం, బొగ్గు నిత్యం తరలే ఊళ్ళలో దుమ్ముకు కొదువ ఉండదు. జాలీ వెనుక వడపోత గుడ్డ ఉన్న కార్లలో దానిని ప్రతి సర్వీసులోనూ తీసి శుభ్రం చేయించాలి. తుడవడానికి పొడి గుడ్డ, వ్యాక్యూమ్ క్లీనర్ చాలు. కారు లోపల నీళ్ళు కుమ్మరించి కడిగే అలవాటు ఇక్కడ ప్రమాదకరం. ఎండలో నిలిపిన కారును తలుపులు తెరిచి వేడిగాలి పోనిచ్చి, ఏసీ వేసి, పిమ్మట బయలుదేరితే మనకే కాదు, బ్యాటరీకీ సుఖం.

టౌన్‌షిప్ జీవితంలో మరొక చిక్కు ఉంది. సెక్టారు నుండి ప్లాంటు గేటుకు నాలుగైదు కిలోమీటర్లు. అంత దూరంలో ఇంజను అప్పుడప్పుడు మాత్రమే వెలిగి ఆరుతుంది, సరిగా వేడెక్కదు. తేమ, మండని పెట్రోలు నూనెలో చేరి దానిని పలుచబరుస్తాయి. కనుక మైలేజీ తక్కువే గదా అని నూనె మార్చడం వాయిదా వేయరాదు. కిలోమీటర్లు పూర్తి కాకున్నా గడువు ప్రకారం మార్పించాలి. అదీ మాన్యువల్‌లో పేర్కొన్న పలుచని రకమే పోయించాలి. వారానికొకసారి కారును పెద్ద రోడ్డు మీద అరగంట నడిపించడం మంచిది. ఇన్వర్టరును చల్లబరిచే కూలెంటు ఇంజను కూలెంటుతో సంబంధం లేకుండా వేరుగా ఉంటుంది. దానిలో కుళాయి నీళ్ళు కలిపే మెకానిక్కు వద్దకు మరల పోకండి.

చాలామంది మోసపోయేది చిన్న బ్యాటరీ వద్ద. హైబ్రిడ్ కారులో పెద్ద బ్యాటరీ కాక, మామూలు 12 వోల్టులది మరొకటి ఉంటుంది. కంప్యూటర్లను మేల్కొలిపేది అదే. నెల రోజులు కారు కదలకుంటే అది నీరసించి, బండి మొత్తం మూగవోతుంది. యజమాని పెద్ద బ్యాటరీ పోయిందని గుండె బాదుకుంటాడు. ఆ భయాన్ని సొమ్ము చేసుకొనేవారూ లేకపోలేదు. ముందు దానినే పరీక్షించమనండి. నిజంగానే పెద్ద బ్యాటరీ దెబ్బతిన్నదని తేలినా, పాత సెల్లుల మధ్య ఒకటి రెండు కొత్తవి పొదిగి చవకగా బాగుచేస్తామనేవారిని నమ్మడం నా దృష్టిలో తొందరపాటే. బలమూ బలహీనతా కలిసిన వరుస ఎక్కువ కాలం నిలవదు. నారింజ రంగు తొడుగు ఉన్న తీగలను మాత్రం శిక్షణ లేని చేయి తాకరాదు. వాటిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు ఉంటుంది.

బ్రేకుల విషయం విచిత్రమైనది. వేగం తగ్గించినప్పుడు మోటారే జనరేటరుగా మారి ఆ శక్తిని బ్యాటరీలో నింపుతుంది గనుక, ప్యాడ్లు మామూలు కారులో కంటె చాలా కాలం నిలుస్తాయి. అయితే వాడకం తగ్గిన వస్తువుకు తుప్పు పడుతుంది. కాలిపర్ పిన్నులు దుమ్ముతో బిగుసుకొని ఒక చక్రం ఎప్పుడూ కొద్దిగా పట్టుకొనే ఉంటుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందో తెలియక యజమాని పెట్రోలు బంకును తిట్టుకుంటాడు. ఏటా పిన్నులు విప్పి శుభ్రం చేయించడం, టైర్లలో గాలి నెలకు రెండుసార్లు చూడడం, ఈ రెండింటి వలన కలిగే లాభం ఏ ఖరీదైన సంకలన ద్రవ్యం వలనా కలుగదు.

ఇక సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వైపు బయలుదేరే భిలాయి తెలుగువారి సంగతి. కేశ్‌కాల్ ఘాటు దాటి, జగదల్‌పూర్, కోరాపుట్‌ల మీదుగా సాలూరు దిగేటప్పుడు సుదీర్ఘమైన పల్లం వస్తుంది. కొంతసేపటికి బ్యాటరీ నిండిపోతుంది. పట్టే శక్తికి చోటుండదు. అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీదనే పడుతుంది. గేరు మీటపై 'బి' అన్న అక్షరం ఉన్న కార్లలో దానిని ఎంచుకుంటే ఇంజనే వేగాన్ని అణచి పట్టుకుంటుంది, బ్రేకులు కాగిపోవు. పల్లం ముగియగానే తిరిగి 'డి'కి మార్చుకోవాలి.