పిల్లికొక ద్వారము

నడిరేయి గృహిణిని మేలుకొలుపు ప్రాణి పసిబిడ్డ యొక్కటియే కాదు, పిల్లియుఁ గలదు. పిల్లిని బెంచు సోదరీమణుల కీ సంగతి వేఱుగఁ జెప్పనక్కఱలేదు. అది లోపల నున్నంతసేపు వెలుపలికిఁ బోఁగోరును. వెలుపలికిఁ బోయినంతనే లోపలికి రాఁగోరును. తలుపుకడ నిలిచి యది పెట్టు మొఱ, యింటఁ బదిమంది యున్నను, ఇల్లాలి యొక్కతె చెవులకు మాత్రమే వినఁబడుట లోకమున నొక వింత.

మా పాల్వంచ యడవియంచున నున్న యూరు. కిన్నెరసాని పరిసరములలోని యడవి 1977లో అభయారణ్యముగాఁ బ్రకటింపఁబడినది. ఆ యడవికిని మా పెరళ్ళకును నడుమ గోడ కట్టినవా రెవ్వరును లేరు. పగటివేళఁ గోఁతులమూఁకలు ఇంటికప్పుల మీఁదుగా వచ్చి, తెఱచిన తలుపు కనఁబడినచో వంటయింటి డబ్బాలన్నియుఁ దమవే యనుకొనును. రాత్రివేళ, ముఖ్యముగా వానకాలమున, పాములు ఎలుకల వెంబడి ఇండ్లఁ జేరును. ఇట్టి చోటఁ బగలును రాత్రియుఁ దలుపు మూసియుంచుటయే క్షేమము. కాని పిల్లిగల యింటఁ దలుపు మూసియుంచుట యెట్లు?

నేను కనుగొన్న యుపాయము సోమరితనముచేఁ బుట్టినది. రాత్రికి మూఁడుసార్లు లేవలేక, పెరటితలుపును నాలుగు వ్రేళ్ళ సందు విడిచి, అది కదలకుండ రుబ్బురోటి పొత్రము నడ్డముంచి నిద్రింప మొదలిడితిని. కొన్ని నెలలు సుఖముగానే గడచినవి. శ్రావణమున నొకరాత్రి వాన జోరునఁ గురియుచుండఁగాఁ గరెంటు పోయెను. ఉక్కకుఁ దాళలేక పిల్లలు మంచములు విడిచి నేలపైఁ జాప పఱచుకొని పరుండిరి. తెల్లవాఱుజామున నాకు మెలకువవచ్చి చూతును గదా, పిల్లి చాపచెంతఁ గదలక మెదలక కూర్చుండి గోడమూలకుఁ జూపు నిలిపియుండెను. దాని తోఁక కుచ్చువలెఁ బొంగియుండెను. టార్చిలైటు వేసితిని. నల్లని మేన సన్నని తెల్లని కట్లు గల కట్లపాము మా చిన్నవాని తలగడకు జేనెడు దూరమున ముడుచుకొనియుండెను. మావారు పిల్లవానిని జాపతోఁగూడ మెల్లఁగా నీవలకు లాగిరి. తెల్లవాఱిన పిదపఁ బాములు పట్టుట నేర్చినవారు వచ్చి దానిని బట్టుకొనిపోయి యడవిలో విడిచిరి. పిల్లవాని కేమియుఁ గాలేదు. కాని యా నాలుగు వ్రేళ్ళ సందు నేను విడిచినదే యను తలంపు నన్నుఁ బెక్కు దినములు బాధించెను.

కట్లపాము రాత్రివేళఁ దిరుగునది. దాని కాటు నిద్రలో నున్నవారికిఁ దెలియకపోవచ్చును; గాయపు గుఱుతైనఁ గనఁబడకపోవచ్చును. తెల్లవాఱునప్పటికిఁ గడుపునొప్పి, కనురెప్పలు వ్రాలుట, మాట తడఁబడుట మొదలగునవి తోఁచినచో మంత్రములకై కాచుకొనక, కట్టు బిగింపక, గాటు పెట్టక, వెంటనే యాసుపత్రికిఁ గొనిపోవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటి విషమునకు విఱుగుడగు మందు మనదేశమునఁ గలదు. నేలమీఁదఁ గాక మంచముపైఁ, బఱుపుక్రిందికి బిగించిన దోమతెరలోఁ, బరుండుట మేలైన కాపుదల.

మా యత్తగారు మఱునాఁడే తీర్పు చెప్పిరి: "అమ్మాయీ! పిల్లి నెవరికైన నిచ్చివేయుము. తలుపు మూసికొని నిశ్చింతగా నిద్రపోవచ్చును." పిల్ల లేడ్చిరి. నేను మాత్ర మాలోచనలోఁ బడితిని. పిల్లి పోయినచో బియ్యపు బస్తాలకు ఎలుకలు వచ్చును; ఎలుకలు వచ్చినచో వాని వెనుకఁ బామే వచ్చును. తప్పు పిల్లిది కాదు, సందుది. సందు పిల్లికి మాత్రమే సరిపోయి, అది పోయిన వెంటనే దానంతట మూసికొనునట్లు చేయుట సాధ్యమా యని విచారింప సాఁగితిని.

పిల్లికిని మనకును గల చుట్టఱిక మీ ధాన్యమువలననే కలిగినది. పశ్చిమాసియాలో మనుష్యులు సేద్యము నేర్చి గింజలు నిలువచేయ మొదలిడినప్పుడు ఎలుకలు చేరినవి. వానికొఱకుఁ బిల్లులు తమంతఁ దామే వచ్చినవి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాఁటి సమాధిలో మనుష్యుని చెంత నొక పిల్లి యస్థిపంజరము దొరకినట్లు 2004లో పరిశోధకులు ప్రకటించిరి. కుక్కవలె మన పిలుపునకు వచ్చినది కాదు. తన పనిమీఁదఁ దాను వచ్చినది. అందుచేతఁ గాఁబోలు, రాకపోకలలో నేఁటికిని మన యనుమతి కోరుట దానికిష్టము లేదు.

మన గ్రంథములును ఈ జీవిని విస్మరింపలేదు. సుందరకాండమున హనుమంతుఁడు ప్రొద్దు గ్రుంకినపిదప లంకఁ జొరఁదలఁచి తన దేహమును బిల్లియంత చేసికొనెనని వాల్మీకి చెప్పెను. కావలివారుగల పురమునఁ గంటఁ బడకుండఁ జొచ్చుటకుఁ దగిన ప్రమాణము పిల్లిదే యని ఋషికిఁ దోఁచియుండును. భారత శాంతిపర్వమునఁ బలితుఁడను నెలుక మఱ్ఱిమొదలఁ గట్టుకొన్న కలుఁగునకు నూఱు ముఖములు కలవు. ఎలుకకు నూఱు ద్వారములుండఁగాఁ బిల్లికొక్కటి కోరుట యధికమా యని నేను మా యత్తగారితో వాదించితిని. ఆమె నవ్విరే కాని యొప్పుకొనలేదు.

పాశ్చాత్యదేశములలో నిది క్రొత్తమాట కాదు. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరపుఁ బెద్దచర్చిలోఁ బెద్దగడియారము క్రింది తలుపునకుఁ బిల్లి పట్టునంత గుండ్రని రంధ్రము నేఁటికిని గలదు. గడియారపు యంత్రమునకుఁ బూసిన కొవ్వునకై ఎలుకలు చేరుచుండఁగా, 1598లో విలియం కాటన్ అను బిషప్పు దానిని దొలిపించెనని చెప్పుదురు. అంతకు ముందే, 14వ శతాబ్దపు కవియగు ఛాసర్ తన కథలలో నొకదానియందుఁ దలుపు క్రిందిభాగమునఁ బిల్లి దూరు కంతను బేర్కొనెను. న్యూటన్ పండితుఁడు పెద్దపిల్లికిఁ బెద్దకంతయుఁ బిల్లికూనకుఁ జిన్నకంతయుఁ జేయించెనని యొక హాస్యకథ వాడుకలో నున్నది కాని, దానికిఁ బ్రమాణము లేదు. ఆయన పుట్టుకకుఁ బూర్వమే కంతలు గలవుగదా!

మరి మన పెద్దల యిండ్లలో నీ చిక్కు లేకుండెనా? పెంకుటిండ్లలో గోడకును గప్పునకును నడుమ సందులుండెడివి, పెరటి తూములుండెడివి. పిల్లి యెటుగానో పోయి యెటుగానో వచ్చెడిది. ఇప్పుడు స్లాబు వేసి, కిటికీలకు జాలీలు బిగించి, నలుప్రక్కల మూసికొంటిమి. కావున నొకప్పుడు ఇల్లే యిచ్చిన దారిని నేఁడు మనము తలఁచి తొలిపింపవలసివచ్చినది.

తలుపునకుఁ గంత పెట్టుట యశుభమని యత్తగారు శంకించిరి. సింహద్వారము జోలికిఁ బోమనియుఁ, బెరటి వసారా తలుపునకు మాత్రమే పెట్టింతుమనియుఁ, రాత్రి దానిని మూసివేయుదుమనియుఁ జెప్పఁగా సమ్మతించిరి. వసారా నెన్నుకొనుటకు వేఱొక కారణమును గలదు. వసారాకును వంటయింటికిని నడుమ మఱియొక తలుపున్నది. కోఁతిపిల్ల యొకవేళ దూరినను వసారాలోనే యాఁగిపోవును.

ఇఁక వడ్రంగిని బిలుచుటకు ముందుఁ జేయవలసిన పని. ఒక యట్టపెట్టెకుఁ గంత కోసి పిల్లిని దూరనిచ్చి కొలత చూచుకొనవలెను. పిల్లి మెడయెముకలు మన వానివలె బిగియక వదులుగా నుండుటచేత, తల పట్టినచోట సాధారణముగా మేనును బట్టును. మా పిల్లికి వెడల్పు 15 సెంటీమీటర్లు, ఎత్తు 17 సెంటీమీటర్లు సరిపోయెను. బాగుగా బలిసిన గండుపిల్లి కింకను గొంత కావలెను. కంత క్రిందియంచు నేలనుండి 12 లేక 13 సెంటీమీటర్ల యెత్తున, అనఁగాఁ బిల్లి పొట్టకు సమముగా నుండవలెను. మఱీ క్రిందనున్నచో వాననీరు వచ్చును. మఱీ పైనున్నచో ముసలిపిల్లి యెగురలేదు. తలుపు వెలుపలి నేల పల్లమైనచో నొక యిటుక మెట్టు వేయవలెను. ముఖ్యముగాఁ గంతనుండి చేయి చాఁచినచో లోపలి గడియ యందకుండునంత దూరము విడువవలెను. దొంగచేయి కావచ్చును, కోఁతిచేయి కావచ్చును.

మా వడ్రంగి తలుపు నూడఁదీసి పడుకోఁబెట్టి, గీఁత గీచి, నాలుగు మూలలను బరమాతోఁ దొలిచి, సన్నని రంపముతోఁ గోసెను. కోసిన యంచులను గరుకుకాగితముతో నునుపుచేసి వార్నిషు పూసెను. లేకున్నఁ జెక్క తేమను బీల్చి యుబ్బును. మాది టేకుపలక తలుపు కావున నింతతోఁ జాలెను. నడుమ బోలుగా నుండు నేఁటి తలుపులకైనచోఁ గంత చుట్టును లోపలఁ జెక్కముక్కలు నింపి మూయవలెను. గట్టిపఱచిన గాజు తలుపును దరువాతఁ గోయరాదు. కోసినఁ బగిలి ముక్కలగును.

కంతకు దడి వంటిది యూఁగెడు రెక్క. తేలికయై పారదర్శకమైన ప్లాస్టిక్ పలకను బైయంచున మడతబందులతో వ్రేలాడఁదీసి, క్రిందియంచునఁ జిన్న యయస్కాంతము నమర్చినచోఁ బిల్లి పోయినంతనే రెక్క తన చోటికి వచ్చి యంటుకొనును. చుట్టును రబ్బరు పట్టీ వేసినచో సందుండదు. ఎలుకలు కొఱుకకుండ నంచులకు రేకు కొట్టించితిమి. అన్నిటికంటె ముఖ్యమైనది లోపలివైపునఁ బైనుండి క్రిందికి గాడిలో దిగు చెక్కపలక. రాత్రి దానిని దించినచో నది కంత కాదు, తలుపే. ఇంత శ్రమపడి, తలుపునకును గడపకును నడుమ సందు విడుచుట తగదు. పాము కా సందే చాలును. దానికిని రబ్బరు పట్టీ వేయించితిమి. మెడ చర్మము క్రింద బియ్యపుగింజయంత మైక్రోచిప్పు పెట్టించుకొన్న పిల్లికి మాత్రమే తెఱచుకొను రెక్కలును నేఁడు విక్రయింపఁబడుచున్నవి. పరుల పిల్లులు బెడదయైన యిండ్లకవి యుచితములు.

పరుల పిల్లి చిన్నమాట కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో జరద్గవమను ముసలిగ్రద్ద, కులశీలములెఱుఁగని పిల్లికిఁ జోటిచ్చి ప్రాణము పోఁగొట్టుకొన్న కథ మన పిల్ల లెల్లరు చదివినదే. మన పిల్లికై చేసిన దారిని ఎవరెవరు వచ్చుచున్నారో కొన్నాళ్ళు కనిపెట్టి యుండవలెను.

క్రొత్తదారి నలవాటుచేయుటకుఁ దొందరపడరాదు. మొదట రెక్కను దారముతోఁ బైకెత్తి కట్టి, కంతకావల దానికిష్టమైన తిండి పెట్టి పిలువవలెను. రెండుమూఁడు దినములు గడచిన పిదప రెక్కను సగము దింపవలెను. తరువాతఁ బూర్తిగా విడువవలెను. పట్టుకొని త్రోసినచోఁ బిల్లి జన్మమున నాదారి త్రొక్కదు. మా పిల్లి యైదవనాఁడు తలతో రెక్కను దోసి, తానే కనిపెట్టినట్లు గర్వముతో లోపలికి వచ్చెను.

ఇట్లు పగలంతయుఁ దలుపు మూసియే యుండును. పిల్లి యిచ్చవచ్చినట్లు తిరుగును. కోఁతులు తలుపు చూచి మరలిపోవును. దీపములు పెట్టువేళకుఁ బిల్లిని దిండికిఁ బిలిచి, అది లోపలికి వచ్చినపిదపఁ జెక్కపలకను దించుదును. రాత్రి దానికై వసారా మూల నొక పళ్ళెరమున నిసుక యుంచుదును. ఈ కట్టడి పాములకొఱకే కాదు. రాత్రి తిరుగు పిల్లి యడవిపిల్లులతోఁ గలహించి రోగముల నిచ్చిపుచ్చుకొనును. వేకువను సందెవేళను నేల వ్రాలు పిట్టలను జంపును. అడవియంచున నుండు మనకా పిట్టల యోగక్షేమములును గొంత పట్టవలెను. వెలుపలఁ దిరుగు పిల్లికి రేబిస్ టీకా తప్పనిసరి. పిల్లి కఱచినను గీఱినను వెంటనే సబ్బుతోఁ బాఱునీట 15 నిమిషములు కడిగి వైద్యునిఁ జూడవలెను. గర్భిణులు పిల్లి మలమును, ఆ యిసుకను ముట్టరాదు. దానినుండి సోఁకు నొక సూక్ష్మజీవి కడుపులోని శిశువునకుఁ గీడు చేయఁగలదు. ఆ పని యింట మఱియొకరు చేయవలెను.

మొదటి మూఁడు రాత్రులు పిల్లి మూసిన పలకకడ నిలిచి మొఱపెట్టెను. నేను లేవలేదు. లేవకుండుటకు నేనెంత కష్టపడితినో యిల్లాండ్రకే తెలియును. వింతయేమనఁగా, ఆ మొఱ యీసారి యింటిల్లిపాదికిని వినఁబడెను. మావారు లేచిరి, అత్తగారు లేచిరి, పిల్లలు లేచిరి. ఇన్నాళ్ళును నేను రాత్రికి మూఁడుసార్లు లేచుచుంటినని వారి కప్పుడే తెలిసెను.

నాల్గవ రాత్రి పిల్లి బియ్యపు బస్తాలపై ముడుచుకొని నిద్రించెను. నేనును నిద్రించితిని.