పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చే బడి

సింగపూర్‌లో పల్లె అనదగ్గవి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. పులావ్ ఉబిన్ దీవిలోని బిన్ కియాంగ్ బడి 1985లోనే మూతపడింది. ప్రధాన దీవిలో మిగిలిన చివరి కంపాంగ్, అంటే పల్లె, లోరాంగ్ బువాంగ్‌కాక్. అయినా ఈ నగరంలో చిన్నపిల్లల బడి కథ మొదలైంది ఆకలి దగ్గర, కంపాంగుల దగ్గర.

యుద్ధం ముగిశాక సాంఘిక సంక్షేమ శాఖ 1947లో పసిపిల్లలకు భోజన కేంద్రాలు తెరిచింది. ముందు అన్నం, ఆ తర్వాతే అక్షరం. 1960 దశకంలో కంపాంగుల్లో పీపుల్స్ యాక్షన్ పార్టీ శాఖలు, కమ్యూనిటీ సెంటర్లు తక్కువ ఫీజుకు కిండర్‌గార్టెన్లు నడిపాయి. పార్టీ బడులు 1986లో పీసీఎఫ్ అనే ధర్మసంస్థ చేతికి వచ్చాయి. ఈ రోజు దాని కేంద్రాలు ఎన్నో అపార్ట్‌మెంట్ల కింది అంతస్తుల్లోనే ఉన్నాయి.

మన అంగన్‌వాడీ పుట్టుక కూడా ఇలాంటిదే. అంగన్‌వాడీలను నడిపే, 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకంలో పాఠం కంటే ముందు పౌష్టికాహారం, టీకా, బరువు తూకం ఉన్నాయి.

అక్కణ్నుంచి దారులు వేరయ్యాయి. సింగపూర్ బడి పనిని బడి పనిగా విడదీసి, దానికి డబ్బు పెట్టింది. 2013లో చిన్నపిల్లల బడులకు ప్రత్యేక సంస్థ, 2014లో విద్యాశాఖ సొంత కిండర్‌గార్టెన్లు అయిదు. ప్రభుత్వ సాయం పొందే పెద్ద సంస్థల్లో పూర్తిరోజు ఫీజుకు 2025లో పరిమితి నెలకు 640 డాలర్లు, పన్ను కాకుండా. సబ్సిడీ మాత్రం పౌరుల పిల్లలకే. వర్క్ పాస్ మీద వచ్చిన తెలుగు కుటుంబానికి ఆ తగ్గింపు లేదు. విద్యాశాఖ కిండర్‌గార్టెన్‌లో మాతృభాష అంటే చైనీస్, మలయ్, తమిళం. తెలుగు పాపకు తెలుగు వారాంతపు తరగతిలో, లేదా అమ్మమ్మతో ఫోన్‌లో.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2016లో సింగపూర్ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన కిడ్‌స్టార్ట్. బడికి రాని పేదింటి పిల్లల కోసం, అమ్మ కడుపుతో ఉన్నప్పటి నుంచే ఇంటికి మనిషి వెళ్లడం దీని పని. ఇంత సంపన్న దేశానికి కూడా బడి తలుపు తెరిచి కూర్చుంటే చాలదని తెలిసొచ్చింది. మన ఊళ్లలో అంగన్‌వాడీ టీచరమ్మ ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ బిడ్డ బరువు తగ్గిందో ఆమెకు తెలుసు.

ఆమెకు లేనిది పాఠానికి సమయం. వంట సరుకులు, గుడ్ల లెక్క, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నమోదు అయ్యేసరికి బొమ్మలూ పాటలూ వెనకబడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచర్ గౌరవ వేతనం 11,500 రూపాయలైంది. జీతం పెంచమంటూ అక్కడి అంగన్‌వాడీ సిబ్బంది 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. కడుపు నింపే చేతినే, ఇల్లిల్లూ తిరిగే కాళ్లనే పలక పట్టించే పనికీ పెడుతున్నప్పుడు, ప్రతి కేంద్రానికీ పాఠం కోసమే ఇంకో టీచర్‌ను ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.